క్యాప్చా దగ్గర ఆగిన క్యూ

ప్రభుత్వ సేవలు కంప్యూటర్ల మీదకు వచ్చాక చూపు లేనివాళ్ళకు దారి ఎక్కడ ఆగిపోతోందో చెప్పాలంటే కుప్పం నుంచి మొదలుపెట్టాలి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ చిత్తూరు జిల్లా కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అనే పథకం మొదలుపెట్టింది. అందులో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సోలార్ పలక ఇచ్చారు. వాళ్ళు ఊరూరూ తిరిగి గుర్తింపు కార్డులకు కావలసిన ఫొటోలు అక్కడికక్కడే తీసి ఇచ్చేవాళ్ళు. యంత్రమే గడప దాకా వచ్చింది.

మిగతాదంతా కౌంటర్ల కథ. హైదరాబాదులో 2001లోనే ఈసేవ వచ్చింది. 2011 నవంబరు 4న మీసేవ మొదలైనప్పుడు ముందుగా తీసుకున్న జిల్లాలు రెండు: చిత్తూరు, కృష్ణా. అడంగల్ (పొలం రికార్డు) నకలుకో, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీకో ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్ళకు డిజిటల్ సంతకంతో కాగితం చేతికి రావడం చిన్న విషయం కాదు. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు ఊళ్ళలోకే వచ్చాయి.

ఇన్నేళ్ళూ బయటపడని లోపం ఒకటుంది. కౌంటరు వెనక టైపు చేసేవాడు ఉన్నంతకాలం, ఆ వెబ్ పేజీ చూపు లేనివాళ్ళకు వినబడుతుందా అని అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నిబంధనలు లేక కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని బాధ్యతగా మార్చింది. కానీ ఆ చట్టం కింద 2017లో వచ్చిన నియమాల్లో ఈ ప్రమాణాలు చాలావరకు సలహాల్లాగే మిగిలాయి. సలహాని పాటించకపోతే అడిగేదెవరు?

సేవలు ఫోనులోకి వచ్చాక దాచడానికి కౌంటరు లేకుండా పోయింది. తిరుపతిలో ఒక నెట్ సెంటర్లో చూశాను. ప్రింటు కోసం వచ్చిన ఒకాయన, చూపు లేదు, తెర మీది అక్షరాలు ఫోను పైకి చదువుతుంటే, దాన్ని చెవికి ఆనించుకుని దరఖాస్తు తనే నింపుతున్నాడు. పేరు, ఊరు, ఆధార్ నంబరు అన్నీ అయ్యాయి. క్యాప్చా, అంటే మనిషో యంత్రమో తేల్చుకోవడానికి పెట్టే వంకర అక్షరాల బొమ్మ, దగ్గరికొచ్చేసరికి ఫోను "ఇమేజ్" అని ఊరుకుంది. "ఏముందో చూసి చెప్పన్నా" అని పక్కనున్న కుర్రాణ్ణి అడిగాడు. ఆ తర్వాత ఓటీపీ వచ్చింది. దాన్ని మాత్రం ఫోను గదిలో అందరికీ వినబడేలా చదివింది.

తెలుగుకు ఇంకో తంటా. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాని పాత ఫాంట్లలో కొట్టిన అక్షరాల అడుగున ఉండేవి వేరే గుర్తులు. కంటికి చక్కటి తెలుగు, చదివే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పిచ్చిగీతలు. స్కాన్ చేసి పెట్టిన జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) సంగతైతే చెప్పనే అక్కర్లేదు, అది వట్టి బొమ్మ.

2024 నవంబరులో, చూపు లేని రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, సలహాలు చాలవు, తప్పక పాటించాల్సిన ప్రమాణాలు పెట్టండి అని మూడు నెలల గడువిచ్చింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో ముందడుగు. బ్యాంకులూ ఫోను కంపెనీలూ మనిషిని గుర్తించడానికి చేసే కేవైసీలో కెమెరా ముందు కళ్ళార్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, తెర చూడలేనివాళ్ళు వేసిన పిటిషన్లపై, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది.

అదే ఏడాది జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి, తొలి విడతలో 161. మామూలు చాట్ కాబట్టి ఫోను దాన్ని చదవగలదు. నెట్ సెంటర్లో చూసిన ఆయన లాంటివాళ్ళకు ఇందులో పక్కవాడి సాయం ఎన్నిచోట్ల కావాల్సి వస్తుందన్నది లెక్కపెట్టాల్సింది ఇప్పుడే.