మావటి కొడుకు సాబు, రంగు పూసుకున్న గంగా దీన్

పాత హాలీవుడ్, బ్రిటిష్ సాహస చిత్రాల్లో మనవాళ్లను చూపించిన తీరు గురించి మాట రాగానే ‘ఆ రోజుల్లో అంతేలే’ అనేవాళ్లు ఎక్కువ. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ రోజుల్లోనే మనవాళ్లు కాదన్నారు.

1938లో లండన్‌లో నిర్మాత అలెగ్జాండర్ కోర్డా సంస్థ ‘ది డ్రమ్’ తీసింది. బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దు కథ. ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచిన చిన్న యువరాజు మంచివాడు, వాళ్లకు ఎదురుతిరిగిన అతని బాబాయి దుర్మార్గుడు. బాబాయి వేషం వేసింది కెనడాలో పుట్టిన రేమండ్ మాసీ. సినిమా మన దేశానికి వచ్చాక బొంబాయి, మద్రాసుల్లో జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు.

మరుసటి ఏడాదే ‘గంగా దీన్’ వచ్చింది. కాలిఫోర్నియాలో లోన్ పైన్ దగ్గరి రాళ్లగుట్టలనే మన సరిహద్దు కొండలుగా చూపించారు. నీళ్లు మోసే గంగా దీన్‌గా న్యూయార్క్ నటుడు శామ్ జాఫీ ఒళ్లంతా నల్లరంగు పూసుకుని నటించాడు. అప్పటికి అతనికి నలభై ఏడేళ్లు. చివర్లో గంగా దీన్ గాయాలతో గుడి గోపురం ఎక్కి, బ్రిటిష్ సైన్యాన్ని హెచ్చరించడానికి బూర ఊది ప్రాణం వదులుతాడు. బతికుండగా దక్కని యూనిఫాం చనిపోయాకే అతని ఒంటి మీద కనిపిస్తుంది. నాకు ఈ సీన్ చూస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఈ సినిమాను బెంగాల్‌లో నిషేధించారు.

అయితే ‘ది డ్రమ్’లో ఆ చిన్న యువరాజు మాత్రం నిజంగా మనవాడే. పేరు సాబు. మైసూరు దగ్గర కారాపూర్‌లో పుట్టిన మావటి కొడుకు. 1937 నాటి ‘ఎలిఫెంట్ బాయ్’తో ఒక్కసారిగా ప్రపంచానికి తెలిశాడు. 1940లో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’. ఆ సినిమాను మోసిందంతా సాబే. కానీ ప్రేమించే రాజు, రాజకుమారి పాత్రలు ఇద్దరు ఇంగ్లీషు నటులవి. ఆఖరికి వాళ్ల పెళ్లి అవుతుంది, సాబు మాయ తివాచీ ఎక్కి ఒంటరిగా ఎగిరిపోతాడు. చిన్నప్పుడు ఆ ఎగరడం చూసి చప్పట్లు కొట్టాను. పెద్దయ్యాక చూస్తే అసలు కథ అక్కడే దొరికింది. ఎంత స్టార్ అయినా అతణ్ని కుర్రాడిగానే ఉంచారు. 1942లో ‘అరేబియన్ నైట్స్’లోనూ హీరో జాన్ హాల్, పక్కన ఉండే నేస్తం సాబు.

సాబు అమెరికా పౌరసత్వం తీసుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం తోక దగ్గర గన్నర్‌గా పనిచేసి పతకం కూడా అందుకున్నాడు. తిరిగొచ్చాక ఎదిగిన మగవాడిగా అతనికి తగ్గ పెద్ద వేషాలు రాలేదు. 1963లో ముప్పై తొమ్మిదేళ్లకే గుండెపోటుతో పోయాడు.

1984 నాటికి రంగు పూసుకునే పద్ధతి చాలావరకు పోయింది. ‘ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్’లో విలన్ మన అమ్రీష్ పురి. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో మహాద్రష్టగా మనందరికీ తెలిసిన మనిషే. ముఖాలు మారాయి గానీ కథ మారలేదు, ‘గంగా దీన్’లోని థగ్గులే, అంటే కాళి పేరు చెప్పి మనుషుల్ని చంపే ముఠాలే, మళ్లీ వచ్చారు. రాజభవనం విందులో పాము కడుపులోంచి బతికున్న పిల్లపాములు, కళ్లు తేలే సూప్, కోతి తలలో మెదడు వడ్డించారు. మన ప్రభుత్వం స్క్రిప్టు మార్చమంది. వాళ్లు మార్చలేదు, మన దేశంలో తీయాల్సిన సీన్లను శ్రీలంకలోని క్యాండీలోనూ ఇంగ్లండ్ స్టూడియోలోనూ తీసుకున్నారు.