రగ్బీలో లైనౌట్ మౌల్‌ను ఆపడం ఇంత కష్టం ఎలా అయింది?

ట్రైలైన్‌కు (దాన్ని దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, అంటే పాయింట్లు) ఐదు మీటర్ల దూరంలో లైనౌట్: పక్క గీత దాటిపోయిన బంతిని, వరుసల్లో నిలబడ్డ రెండు జట్ల మధ్యకు తిరిగి విసరడం. హుకర్ (సాధారణంగా బంతి విసిరే ఆటగాడు) విసిరిన బంతిని, ఇద్దరు పైకెత్తిన జంపర్ గాల్లోనే అందుకుంటాడు. కాళ్లు నేలకు తగలగానే తోటి ఫార్వర్డ్స్ (జట్టులోని బలమైన ముందువరుస ఆటగాళ్లు) అతన్ని చుట్టేస్తారు. బంతి చేతులు మారుతూ గుంపు చివరికి వస్తుంది, చాలాసార్లు ఆ విసిరిన హుకర్‌కే. ముందున్నవాళ్లు గోడలా కదులుతుంటే వెనకున్న మనిషి ట్రై చేసేస్తాడు. ఎదుటివాళ్లతో తలపడుతూ నిలబడి కదిలే ఈ గుంపే మౌల్. బంతి ముందు మనుషుల్ని నిలబెట్టడం రూల్‌కు విరుద్ధంగా అడ్డుకోవడం కాదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

మౌల్ కొత్తదేం కాదు, 1871 నాటి రూల్స్‌లోనే ఆ మాట ఉంది. లైనౌట్‌తో కలిశాకే అది ఇంత బలమైన ఆయుధమైంది. పూర్వం జంపర్‌ను ఎత్తకూడదు. బంతి ఎవరికి దక్కుతుందో చెప్పలేం. 1990లలో ఎత్తడానికి ఒప్పుకున్నాక, విసిరే జట్టుకే బంతి దక్కడం మామూలైంది. పెనాల్టీని టచ్‌లోకి (పక్క గీత బయటికి) తన్నినా లైనౌట్‌లో త్రో తన్నిన జట్టుదే. అంటే ప్రత్యర్థి చేసిన ఒక తప్పు, నేరుగా ట్రైలైన్ ముందు మౌల్‌గా మారుతుంది.

ఆపేవాళ్ల చేతిలో ఏముంది? మౌల్‌ను కూల్చకూడదు. పక్కనుంచి రాకూడదు, తమవాళ్లలో చివరి మనిషి వెనకనుంచే చేరాలి. లైన్ దగ్గర ట్రై వచ్చేలా ఉండగా కూల్చితే పెనాల్టీ ట్రై (రెఫరీయే ఇచ్చేసే ట్రై), 2017 నుంచి దానికి ఏకంగా 7 పాయింట్లు, పైగా యెల్లో కార్డ్, అంటే ఆ ఆటగాడు పది నిమిషాలు బయటే. వాళ్లకు ఊరట ఒకటే: బంతి బయటికి రాకపోతే స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్స్ తోసుకుంటూ ఆటను మళ్లీ మొదలుపెట్టే పద్ధతి) ఎదుటి జట్టుకు దక్కే రూల్, 1992లో వచ్చింది.

2008లో మౌల్‌ను కూల్చడానికి ప్రయోగంగా అనుమతిచ్చారు. దాంతో మౌల్ దాదాపు పనికిరాకుండా పోయింది, 2009లోనే వెనక్కి తీసుకున్నారు. అది మంచిపనే. కుప్పగా కూలితే అడుగున పడేది మనిషి మెడ, వెన్నెముక. నా ఉద్దేశంలో సరిచేయాల్సింది దాడి చేసేవాళ్ల వైపు. ఆ తర్వాత బంతి పట్టుకున్న మనిషి గుంపు వెంట వెనక్కి జారకూడదని, బంతిని చేతిలోంచి చేతిలోకే ఇవ్వాలని స్పష్టం చేశారు. సరైన దారి అదే. జంపర్ దిగిన మొదటి క్షణంలో అతని ముందుకు ఎవరు చేరారో రెఫరీ గట్టిగా చూడాలి, టెన్షన్ అంతా అక్కడే.

ఎదుటి జట్టు అసలు తాకకపోతే మౌలే ఏర్పడదు. అప్పుడు బంతిని వెనక్కి అందించి అలాగే ముందుకు తోసుకెళ్తే ముందున్నవాళ్లదే తప్పు. తెలివైన జట్లు ఇలాగే ఇరికిస్తాయి.

అన్నిటికన్నా గట్టి జవాబు గాల్లోనే ఉంది. 2022 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ హుకర్ ఎమీ కొకేన్ మూడు ట్రైలు చేసింది, ఇంగ్లండ్ మౌల్ ఆరోజు అంత ఉధృతంగా సాగింది. చివరి నిమిషంలో న్యూజిలాండ్ 34-31తో ముందుంది. లైన్‌కు దగ్గర్లో మళ్లీ ఇంగ్లండ్ లైనౌట్. బంతి గాల్లో ఉండగానే న్యూజిలాండ్‌కు చెందిన జొవానా ఎన్గాన్-వూ ఎగిరి దాన్ని ఎగరేసుకుపోయింది. ఆ మౌల్ మొదలవ్వనే లేదు.