‘బ్లూ ఇన్ గ్రీన్’ ఎవరి బాణీ? అసలు కథ 1958 డిసెంబరులో ఉంది

అమెరికన్ జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ పుట్టి 2026 మే 26కి నూరేళ్లు. శతజయంతి అనగానే ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్ మళ్లీ అందరి నోళ్లలో నానుతుంది. దాని వెంటే పాత తగాదా కూడా లేస్తుంది. అందులో మూడో పాట ‘బ్లూ ఇన్ గ్రీన్’ కట్టింది ట్రంపెట్ పట్టుకున్న మైల్సా, పియానో దగ్గర కూర్చున్న బిల్ ఎవాన్సా? 1959లో ఆల్బమ్ వచ్చినప్పుడు రచయితగా పడ్డ పేరు మైల్స్‌ది మాత్రమే.

ఎవాన్స్ న్యూజెర్సీ బాల్యం, లూసియానా కాలేజీ, సైన్యంలో గడిపిన రోజులు జాజ్ వినేవాళ్లకి తెలిసినవే. ఈ గొడవకి పనికొచ్చే సంగతి ఒకటే: బడ్ పావెల్, నాట్ కింగ్ కోల్, లెన్నీ ట్రిస్టానో లాంటి జాజ్ పియానిస్టుల దగ్గర నేర్చుకున్నది ఎంతో, డెబ్యుసీ, రావెల్ లాంటి ఫ్రెంచి శాస్త్రీయ స్వరకర్తల దగ్గర నేర్చుకున్నది కూడా అంతే. 1958 వసంతంలో మైల్స్ బృందంలో చేరినప్పుడు ఈ రెండో సరుకు కూడా తనతో తెచ్చాడు. రావెల్, రహ్మానినోవ్, ఖచతుర్యాన్‌ల సంగీతం తనకి దగ్గర చేసింది ఎవాన్సేనని మైల్స్ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ని ఎవాన్స్ పియానోని మనసులో పెట్టుకునే ప్లాన్ చేశానని కూడా అందులోనే ఉంది.

ఏడెనిమిది నెలలు గడిచాక, నవంబరులో ఎవాన్స్ బృందం వదిలేశాడు. ఊరూరా తిరుగుడు, హెరాయిన్ అలవాటు, నల్లజాతి బృందంలో ఒక్క తెల్లవాడిగా కొందరు శ్రోతల నుంచి పడ్డ మాటలు అన్నీ కలిసి అతన్ని అలసిపోయేలా చేశాయి.

చాలామంది ఇక్కడి నుంచి నేరుగా ‘బ్లూ ఇన్ గ్రీన్’ రికార్డ్ చేసిన 1959 మార్చి 2కి, కొలంబియా కంపెనీ 30వ వీధి స్టూడియోకి దూకుతారు. మధ్యలో ఉన్న డిసెంబరుని దాటేస్తారు. నా లెక్కలో అసలు సాక్ష్యం ఉన్నది ఆ నెలలోనే.

డిసెంబరు 15న ఎవాన్స్ రివర్‌సైడ్ రికార్డు కంపెనీకి ‘పీస్ పీస్’ వాయించాడు. ఎడమచేత్తో రెండే రెండు కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) మొదటి నుంచి చివరిదాకా మళ్లీ మళ్లీ వాయిస్తూ, కుడిచేత్తో దాని మీద తోచినట్టు తిరుగుతాడు. లియొనార్డ్ బెర్న్‌స్టైన్ పాట ‘సమ్ అదర్ టైమ్’ వాయిద్దామని మొదలుపెట్టి, దాని ఆరంభం దగ్గరే ఆగిపోతే పుట్టిన ముక్క ఇది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో ‘ఫ్లమెంకో స్కెచెస్’ మొదలయ్యే తీరు విన్నవాళ్లకి రెండింటి చుట్టరికం విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే నెల చివర్లో ఇంకో ట్రంపెటర్ చెట్ బేకర్ ఆల్బమ్‌కి ఎవాన్స్ పియానో వాయించాడు. అందులో ‘అలోన్ టుగెదర్’ అనే పాత పాట ఉంది. దాని ముందు పియానో మీద వచ్చే కార్డ్స్ వినండి, అచ్చం ‘బ్లూ ఇన్ గ్రీన్’ మొదలే. అప్పటికి మైల్స్ రికార్డింగ్‌కి ఇంకా రెండు నెలలుంది. ఆ గదిలో మైల్స్ లేడు.

ఎవాన్స్ చెప్పిన కథ ఇలా ఉంటుంది. ఒకరోజు మైల్స్ స్వరాలు రాసుకునే కాగితం మీద రెండు కార్డ్స్ పేర్లు రాసి, ఒకటి జి మైనర్, ఇంకొకటి ఎ ఆగ్మెంటెడ్, వీటితో నువ్వేం చేస్తావని అడిగాడు. ఎవాన్స్ ఇంటికెళ్లి మిగతాది కట్టాడు. ఎవాన్స్ మిత్రుడు, స్వరకర్త ఎర్ల్ జిండార్స్ ఇంకో అడుగు ముందుకేసి, అది నూటికి నూరు పాళ్లు బిల్‌దేనన్నాడు. ఈస్ట్ హార్లెమ్‌లో తను ఉంటున్న చోట అర్ధరాత్రి దాటేదాకా బిల్ అవే కొన్ని బార్లు (తాళం లెక్కలో చిన్న చిన్న భాగాలు) తిప్పి తిప్పి వాయిస్తూ కూర్చున్నాడని చెప్పాడు. తయారైన బాణీ పది బార్ల చుట్టు. ఎనిమిది, పన్నెండు, ముప్ఫైరెండు బార్ల లెక్కలకి అలవాటుపడ్డ జాజ్‌లో అదొక వింత కొలత. చివర ఎక్కడో, మొదలు ఎక్కడో తెలియకుండా తిరుగుతుంది.

మైల్స్ వైపు వాదనలో పస లేదనలేం. ఒకే స్కేల్ (స్వరాల వరస) మీద నిలబడి తీరుబడిగా వాయించే ఈ పద్ధతి ఎవాన్స్ రాకముందే, 1958 మొదట్లో రికార్డ్ చేసిన ‘మైల్‌స్టోన్స్’లో ఉంది. పైగా ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అట్ట వెనక వ్యాసం రాసింది ఎవాన్సే. ఆ పాటల చట్రాలు మైల్స్‌వని తన చేత్తోనే రాశాడు. 1989లో వచ్చిన ఆత్మకథలో మైల్స్, ఆ సంగీతానికి బిల్ సహరచయిత అనడం నిజం కాదని కొట్టిపారేశాడు. అప్పటికి ఎవాన్స్ పోయి తొమ్మిదేళ్లు.

అట్ట వెనక అలా రాసిన ఎవాన్స్ 1959 డిసెంబరు 28న తన సొంత త్రయంతో ‘బ్లూ ఇన్ గ్రీన్’ మళ్లీ వాయిస్తే, ఆ రికార్డు మీద ‘డేవిస్-ఎవాన్స్’ అని రెండు పేర్లు పడ్డాయి. 1978లో పియానిస్ట్ మేరియన్ మెక్‌పార్ట్‌లాండ్ రేడియో కార్యక్రమంలో అడిగితే ఆ బాణీ తనదేనని చెప్పాడు, కానీ దాన్ని పెద్ద రచ్చ చేయదలుచుకోలేదన్నాడు. రాయల్టీలో తనకీ వాటా ఉండాలేమోనని కదిపితే మైల్స్ 25 డాలర్ల చెక్కు రాసిచ్చాడని ఎవాన్స్ సన్నిహితులకి చెప్పుకున్నాడు.

ఆ 25 డాలర్లు ఎందుకు గుచ్చుకుంటాయో తెలియాలంటే డబ్బు దారి తెలియాలి. రికార్డింగ్‌లో వాయించినవాళ్లకి యూనియన్ రేటు ప్రకారం ఆ పూట కూలీ, అంతటితో సరి. బాణీ రచయితగా నమోదైన పేరుకి మాత్రం రికార్డు అమ్ముడైనప్పుడల్లా, రేడియోలో మోగినప్పుడల్లా డబ్బు వస్తూనే ఉంటుంది. మన వాగ్గేయకారులు ముద్రని పాటలోనే పెట్టేవారు కాబట్టి ‘మువ్వగోపాల’ వినగానే క్షేత్రయ్య గుర్తొస్తాడు. మాటల్లేని జాజ్ బాణీకి ఆ రక్షణ లేదు. కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్లదే. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అమెరికాలోనే 50 లక్షలు దాటి అమ్ముడైంది. 2009లో అమెరికా ప్రతినిధుల సభ 409-0 ఓట్లతో దాని యాభై ఏళ్లని గౌరవిస్తూ, జాజ్ జాతీయ సంపద అని మళ్లీ చాటింది.

ఇలాంటి ఫిర్యాదు మైల్స్ మీద ఇదొక్కటే కాదు. ‘ట్యూన్ అప్’, ‘ఫోర్’ తనవని శాక్సఫోన్ వాయించే ఎడ్డీ విన్సన్ చెప్పుకున్నాడు. ‘సోలార్’ అయితే, గిటారిస్ట్ చక్ వేన్ 1946లోనే వాయించిన ‘సనీ’కి దాదాపు నకలు. మైల్స్ సమాధి రాయి మీద చెక్కి ఉన్నవి ఆ ‘సోలార్’ స్వరాలే. మరోపక్క, 1947లో మైల్స్ కట్టిన ‘డోనా లీ’ శాక్సఫోనిస్ట్ చార్లీ పార్కర్ పేరు మీద వెళ్లిపోయింది. అది రికార్డు కంపెనీ చేసిన పొరపాటని మైల్స్ తేలిగ్గా తీసుకున్నాడు.

నల్లవాళ్ల బాణీలని తెల్లవాళ్లు దశాబ్దాల తరబడి కాజేసిన దేశంలో, ఒక తెల్ల పియానిస్ట్ తరఫున ఒక నల్ల ట్రంపెటర్‌ని నిలదీయడానికి చాలామందికి నోరు రాదు. ఆ మొహమాటం అర్థం చేసుకోదగ్గదే. చెట్ బేకర్ రికార్డు మీదున్న తేదీ మాత్రం దాంతో మారదు.

1959లో ప్రచురించి గడువులోగా పునరుద్ధరించిన రచనకి అమెరికా చట్టంలో 95 ఏళ్ల రక్షణ ఉంది. ఆ లెక్కన ఈ బాణీ మీద వచ్చే డబ్బు ఎవరికి చెందాలన్న ప్రశ్న 2054 చివరిదాకా బతికే ఉంటుంది.