పక్క ఫ్యాక్టరీకి ఆవిరి ఇస్తే కార్బన్ క్రెడిట్ ఎవరికి? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ దగ్గరి పారిశ్రామిక వాడలు జీడిమెట్ల, పాశమైలారం వైపు ఎనర్జీ ఆడిట్‌కు వెళ్తే ఈ మధ్య తరచూ వినే మాటలివి.

అపోహ: వేడి మాది, కాబట్టి క్రెడిటూ (టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గించినందుకు దక్కే, అమ్ముకోగల సర్టిఫికెట్) మాదే.

వాస్తవం: వృథా వేడిని పక్కకు పంపినంత మాత్రాన మీ కొలిమిలో పడే బొగ్గు కిలో కూడా తగ్గదు. తగ్గేది తీసుకున్నవాళ్ల బాయిలర్‌లో. బొగ్గుతో టన్ను ఆవిరి చేస్తే సుమారు 300 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ ఆదా కనపడేది వాళ్ల చిమ్నీ దగ్గరే. చిక్కేమిటంటే, కేంద్రం 2023లో తెచ్చిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకంలో ఉద్గారాల తప్పనిసరి లక్ష్యాలు సిమెంట్, అల్యూమినియం, కాగితం లాంటి రంగాల పెద్ద యూనిట్లకే. మన మందుల కంపెనీలు ఆ జాబితాలో లేవు. వాళ్లకున్నది స్వచ్ఛందంగా చేరే ఆఫ్‌సెట్ దారి (లక్ష్యం లేకున్నా ఉద్గారం తగ్గించి క్రెడిట్ తెచ్చుకునే మార్గం), అదీ ఆమోదించిన పద్ధతి ప్రకారం లెక్క చూపిస్తేనే. ఒకే టన్నును ఇద్దరూ చూపించుకోవడం కుదరదు. అందుకే ఆవిరి ధరతో పాటే క్రెడిట్ ఎవరిది, మీటర్ ఎవరిది అన్నది అగ్రిమెంట్‌లో రాసుకోండి. తర్వాత చూద్దాంలే అంటే గొడవే.

యూరప్ కార్బన్ మార్కెట్‌లోనూ ఉద్గారం ఇంధనం కాలిన చోటే లెక్క. ఉచిత అలవెన్సులు (డబ్బు కట్టకుండా దక్కే ఉద్గార అనుమతులు) మాత్రం, వేడి తీసుకునేవారు పథకంలో ఉంటే వారికి, లేకపోతే సాధారణంగా ఇచ్చేవారికి వెళ్తాయి. మన దగ్గరా అంతేననుకోవద్దు.

అపోహ: ఏ బాయిలర్ ఆపినా క్రెడిట్లు ఒకటే.

ఇక్కడే గంపెడాశలు కూలిపోతాయి. వరి ఊక, బ్రికెట్లతో (పంట వ్యర్థాలను నొక్కి చేసిన దిమ్మలు) నడిచే బాయిలర్లు మన దగ్గర బోలెడు. బయోమాస్ కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఈ లెక్కల్లో సున్నాగా తీసుకుంటారు. అలాంటి బాయిలర్‌ను ఆపితే ఇంధనం ఖర్చు, బూడిద బెడద తగ్గుతాయి. క్రెడిట్లు మాత్రం దాదాపు రావు. ఇది చెబితే యజమానుల మొహం మాడిపోతుంది, కానీ ముందే చెప్పాలి.

అపోహ: సిమెంట్ ఫ్యాక్టరీలు కావాలనే వేడి పంచుకోవు.

దూరం పోయేకొద్దీ ఆవిరి ఒత్తిడీ వేడీ పడిపోతాయి. సూర్యాపేట జిల్లా సిమెంట్ కిల్న్ (కొలిమి) వేడి పటాన్‌చెరు దాకా ఎలా వస్తుంది? పైగా వాళ్ల లక్ష్యం టన్ను ఉత్పత్తికి ఎంత ఉద్గారం అనే లెక్కలో ఉంటుంది. ప్రీహీటర్ (ముడిసరుకును ముందుగా వేడిచేసేది) పొగ, క్లింకర్ కూలర్ (కిల్న్ నుంచి వచ్చిన ముద్దలను చల్లబరిచేది) గాలి వేడితో సొంత కరెంటు చేసుకుంటే లాభం తమ గేటు లోపలే మిగులుతుంది.

అపోహ: పైపు వేశాక పాత బాయిలర్ తీసేయొచ్చు.

ఇచ్చేవాళ్ల ప్లాంట్ షట్‌డౌన్‌లో ఉంటే మందులు తయారయ్యే మీ రియాక్టర్లకు ఆవిరి ఎక్కడిది? బాయిలర్‌ను స్టాండ్‌బైలో ఉంచాల్సిందే. దాన్ని వేడిగా ఉంచడానికి కాల్చిన బొగ్గును ఆదా లెక్క నుంచి తీసేస్తారు.