పీ పఫర్‌ను పస్తు పెట్టకండి: అపోహలు - వాస్తవాలు

‘ఆకలి రుచి ఎరుగదు కదండీ, రెండు రోజులు మాడ్చితే గుళికల మేత అదే తింటుంది.’ పీ పఫర్ అనే చిట్టి చేపను కొన్నవారికి ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తూనే ఉంటారు. అక్వేరియంల పనిలో ఉన్న నేను దాని ఫలితం చూస్తూనే ఉంటాను. నా దగ్గరకు వచ్చే పఫర్లలో జబ్బుపడినవాటి కంటే పస్తులతో చిక్కిపోయినవే ఎక్కువ.

ఇది కళ్లతో వెతికి వేటాడే చేప. కేరళ నదుల్లో నత్తలు, పురుగులు, చిన్న చిన్న రొయ్యజాతి జీవులు తిని బతుకుతుంది. మూడు, మూడున్నర సెంటీమీటర్లకు మించి పెరగదు. రాలిపడిన గుళిక దానికి ఇసుక రేణువుతో సమానం. ఏ ఒకటో రెండో చేపలు గుళికలకు అలవాటు పడితే పడవచ్చు. వాటిని చూసి మీ చేప ప్రాణంతో పందెం కాయకండి.

మొన్న ఒక తల్లి, ఆరో తరగతి చదివే కొడుకు ఊరగాయ సీసాలో పఫర్‌ను పట్టుకొచ్చారు. పన్నెండు రోజులుగా గుళికలే వేశారట. తల ఒక్కటే పెద్దగా కనబడుతోంది, పొట్ట లోపలికి పోయింది. మొక్కల తొట్టెలోంచి మినపగింజంత నత్తను తీసి సీసాలో వేశాను. చేప ఉన్నచోటే ఆగింది. ఒక కన్ను నత్త మీదికి తిరిగింది, రెండోది మా వైపే ఉంది. తోక కాస్త వంచి, నత్త గుల్లలోంచి మెడ చాచగానే ఒక్క కొరుకు కొరికింది. పిల్లవాడు ఏడ్చేశాడు. ‘దానికి ఆకలి ఉందా అంకుల్? నేను లేదనుకున్నాను’ అన్నాడు. ఆ తప్పు వాడిది కాదు. చెప్పినవారిది.

బ్లడ్‌వార్మ్‌లు, అంటే చేపలకు మేతగా వేసే ఎర్రటి చిన్న పురుగులు, గడ్డకట్టించినవి దొరుకుతాయి. కరిగించి, రోజుకు రెండుసార్లు కొద్దికొద్దిగా వేయండి. ఒక ప్లాస్టిక్ టబ్బులో నాలుగు నత్తలు వేసి ఉడికించిన పాలకూర పెడితే చాలు, నెల తిరిగేసరికి ఇంట్లోనే మేత తయారు. బాగా తింటున్నా సన్నబడుతోందా? కడుపులో పురుగులు ఉండవచ్చు. నదిలో పట్టి తెచ్చిన వాటిలో ఇది మామూలే, మందుతో నయమవుతుంది. కంగారు పడకండి, కానీ వారాల తరబడి చూస్తూ కూర్చోకండి.

పఫర్ కాబట్టి నీటిలో ఉప్పు కలపాలన్నది మరో పుకారు. ఉప్పు కలిసిన నీరు కోరే పఫర్లు వేరే ఉన్నాయి. 1941లో హోరా, నాయర్ అనే శాస్త్రవేత్తలు కేరళలోని పంబా నది నుంచి శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ చేప అచ్చమైన మంచినీటి చేప. ఉప్పు జోలికి వెళ్లకండి. పఫర్ అంటే విషపు చేప అని భయపడకండి, ముట్టుకుంటే విషం ఎక్కదు. చిన్నదని గాజుగిన్నెలో పెట్టవద్దు. గప్పీ చేపలతో కలిపితే తోకలు కొరికేస్తుంది. ఉబ్బితే ముద్దుగా ఉంటుందని దయచేసి గెలకకండి, అది భయంతో ఉబ్బుతుంది.

ఈ జాతికి ముప్పు ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ గుర్తించింది. మన తొట్టెలో ఒకటి చనిపోతే దాని స్థానంలోకి వచ్చేది చాలాసార్లు నదిలోంచి పట్టిన మరొకటే. అందుకే కొనేముందు దుకాణంలో మేత వేయించి చూడండి. మీ కళ్లముందు తిన్నదాన్నే, పొట్ట గుండ్రంగా ఉన్నదాన్నే ఇంటికి తీసుకెళ్లండి.