గునపం దెబ్బ వినే తీగ, లీకు బుస వింటుందా?

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం జిల్లాలోకి అడుగుపెట్టగానే తగిలే తెలుగు పల్లెల్లో, ఒకప్పుడు గ్యాస్ పైపు పేలిన ‘నగరం’ అనే ఊరి పేరు మళ్లీ వినపడుతోంది. పొలాల కింద ఇంధన పైపు పక్కనే వేసిన ఫైబర్ తీగ నేలలో ఏ అలికిడైనా పట్టేస్తుంది, భయం అక్కర్లేదన్నది అధికారుల మాట. మా కంటికి కనిపించింది కూడా రాసుకోవాలన్నది రైతుల పట్టు.

1962 నాటి పైపులైన్ల చట్టం, భూమి రైతుదే కానీ వాడుకునే హక్కు కంపెనీది, పరిహారం మార్కెట్ విలువలో 10 శాతం. ఇవన్నీ పైపు పోయిన ప్రతి ఇంటికీ తెలిసినవే.

అసలు మలుపు 2014 జూన్ 27. ఆ తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో 18 అంగుళాల గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ ఎవరూ గునపం వేయలేదు. తడి ఉన్న గ్యాస్ పారీ పారీ పైపును లోపలి నుంచే తుప్పు తినేసింది. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పామని ఊరివాళ్లు మొత్తుకున్నారు.

తీగలోకి లేజర్ వెలుగు పంపితే అందులో కొంత వెనక్కి వస్తుంది. నేల అదిరితే తీగ రవ్వంత సాగి, ఆ వెలుగు మారుతుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో లెక్కగట్టి అదురు ఏ చోటదో చెబుతారు. గొప్ప పనితనమే. కానీ మన దేశంలో దీన్ని ఎక్కువగా వాడింది పైపుకు కన్నం పెట్టే నూనె దొంగల కోసం. గునపం దెబ్బ దబ్‌దబ్‌మని వినపడుతుంది. సూదిబెజ్జమంత తుప్పు కన్నం బుస అలా కాదు. పైగా గంజాం జిల్లాలో 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలు మార్గం ఉన్నాయి. వాటి దగ్గర్లో రైలు, లారీ అదురుకల్లా అలారం మోగకూడదని యంత్రానికి నేర్పాలి. ఆ వడపోతలో సన్నటి బుస కూడా జారిపోవచ్చు.

ప్రెజర్ పడితే తెలుస్తుంది, పైపు లోపలికి తనిఖీ యంత్రాలు పంపుతాం అని కంపెనీల జవాబు. నిజమే, పెద్ద లీకైతే తెలుస్తుంది. చిన్నది కొలతలో ఉండే తేడాలోనే కలిసిపోతుంది.

ముక్కును నమ్ముకుందామన్నా, దూరం పోయే లైన్లలోని గ్యాస్‌కు సాధారణంగా ఇంట్లో సిలిండర్‌కు కలిపినట్టు వాసన కలపరు. మడి నీళ్లలో బుడగలు, ఒక్కచోటే పసుపెక్కిన పైరు, వీటిని ముందు చూసేది కలుపు తీసే ఆడవాళ్లే. అందుకే పైపు దారి చూపే మార్కర్ స్తంభాల మీద ఫోన్ నంబరు తెలుగులోనూ రాయాలని, చేసిన ప్రతి ఫోనుకూ ఒక నంబరిచ్చి, ఎన్ని గంటలకు వచ్చి చూశారో ఊళ్లో ఉండే పుస్తకంలో రాసి సంతకం పెట్టాలని రైతులు అడుగుతున్నారు.