దుఃఖంలోంచి వచ్చే భక్తిపాట: అపోహలు - వాస్తవాలు

నేను భక్తిపాటలు రాస్తాను. అయినవాళ్లను పోగొట్టుకుని, ఆ బాధను పాటగా రాయాలనుకునేవాళ్లు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. చాలామందిని ఆపేస్తున్నది రాయడం చేతకాకపోవడం కాదు, పాట గురించి ఎక్కడో విన్న కొన్ని నమ్మకాలు.

అపోహ: గుండె పగిలిన క్షణంలోనే గొప్ప పాట పుడుతుంది.

వాస్తవం: షికాగో న్యాయవాది హొరేషియో స్పాఫర్డ్ కథ క్రైస్తవ సంఘాల్లో చాలామందికి తెలుసు. 1873 నవంబరు 22న అట్లాంటిక్‌లో జరిగిన ఓడ ప్రమాదంలో ఆయన నలుగురు కూతుళ్లూ చనిపోయారు, భార్య ఒక్కతే బతికింది. ఆమె దగ్గరికి వెళ్తూ, ఓడ మునిగిన చోటు దాటుతున్నప్పుడే ‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ రాశాడని చెప్పుకుంటారు. ఆయన కుటుంబం చెప్పిందీ అదే. కానీ గాయకుడు ఐరా శాంకీ, 1876లో తాను వాళ్లింట్లో ఉన్న రోజుల్లో స్పాఫర్డ్ ఆ పాట రాశాడని తన పుస్తకంలో చెప్పాడు. ఫిలిప్ బ్లిస్ బాణీతో అది అచ్చయింది కూడా 1876లోనే. నాకు శాంకీ మాటే నమ్మాలనిపిస్తుంది. అంత బాధ పాటగా నిలబడడానికి ఆ మూడేళ్లు పట్టి ఉంటాయి.

త్వరగా వచ్చే పాటలూ ఉంటాయి. 1932 ఆగస్టులో అమెరికాలో క్రైస్తవ భక్తిపాటలు రాసే థామస్ డార్సీ భార్య ప్రసవంలో చనిపోయింది, బిడ్డా దక్కలేదు. కొద్ది రోజులకే ఆయన ‘ప్రెషస్ లార్డ్’ పాట వచ్చింది. అయితే డార్సీ అప్పటికే ఏళ్ల తరబడి పియానో వాయిస్తూ పాటలు కడుతున్న మనిషి. మాటలు కూర్చింది అప్పటికే ఉన్న ఒక పాత కీర్తన బాణీలో. స్నేహితుడు థియోడర్ ఫ్రై దేవుణ్ణి పిలిచే పిలుపు మార్చమంటే మార్చాడు కూడా. అంత శోకంలోనూ పాటను సరిదిద్దుకున్నాడు.

మా తమ్ముడు పోయినప్పుడు నాకు వచ్చినవి విడి మాటలే. వాడి చెప్పులు, వాడు సగంలో ఆపేసిన ప్రార్థన, ఇలాంటివన్నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. పల్లవి చాలా కాలానికి గానీ కుదరలేదు. మీరూ ఏడుపు వచ్చినప్పుడు తోచింది రాసుకోండి, దాన్ని పాటగా కట్టడానికి మాత్రం టెన్షన్ పడకండి.

అపోహ: విశ్వాసం చెక్కుచెదరనివాళ్లే భక్తిపాట రాయాలి.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇదే. “దేవుడి మీద కోపంగా ఉంది, నేనెలా రాయను?” అని అడుగుతారు. గోల్కొండ చెరసాలలో ఉన్న రామదాసు ఏం చేశాడు? చేయించిన నగలన్నీ లెక్కచెప్పి, “ఎవడబ్బ సొమ్మని” కులుకుతున్నావని రాముణ్ణే నిలదీశాడు. అదే కీర్తనలో, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని బతిమాలుకున్నాడు. ఆ తిట్టును దాచేసి బతిమాలుకోవడం ఒక్కటే రాసి ఉంటే, ఇన్ని తరాలు అది మన నోళ్లలో నానేది కాదనుకుంటాను. బైబిల్లో 88వ కీర్తన అయితే చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అయినా దాన్ని ప్రార్థనల్లోంచి ఎవరూ తీసేయలేదు. నిలదీయాలన్నా ఎదుట ఒకరు వింటున్నారన్న నమ్మకం ఉండాలి కదా. మీలో ఆ నమ్మకం ఉంటే చాలు, రాయండి. చివరి చరణంలో లేని ధైర్యాన్ని తెచ్చి అతికించకండి. పాడేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: రాస్తే దుఃఖం తీరిపోతుంది.

వాస్తవం: తీరదు. మనసును కలచివేసిన సంగతుల గురించి రాయడంపై మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత దిగాలుగా మారింది. తర్వాతి నెలల్లో మాత్రం హెల్త్ సెంటర్‌కు వెళ్లడం తగ్గింది. కాబట్టి రాశాక ఇంకా బరువుగా అనిపిస్తే భయపడకండి, ఆ పూట ఒంటరిగా మాత్రం ఉండకండి. నిద్ర, తిండి పోయేంత బాధ అయితే డాక్టర్‌తో మాట్లాడండి. ఆ పని పాట చేయలేదు.

అపోహ: బాణీ ఏడుపుగా ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. పైన చెప్పిన రెండు ఇంగ్లీషు పాటలూ మేజర్ స్కేల్‌లోనివే, అంటే మన శంకరాభరణానికి దగ్గరివి. అంతకంటే ముఖ్యం, గుండెను పిండే లైన్‌ను పై స్థాయిలో పెట్టకండి. గొంతు పూడుకుపోయేది అక్కడే. దాన్ని మధ్యస్థాయిలో, చిన్నగా ఉంచి, వెంటనే ఊపిరి తీసుకునే చోటు వదలండి.

అపోహ: జరిగిందంతా చెబితేనే నిజాయితీ.

వాస్తవం: పల్లవి అందరూ పాడుకునేలా ఉండాలి. మీ ఇంటి సంగతులు చరణాల్లో ఒకటి రెండు చాలు. పోయినవాళ్ల పేరు, జబ్బు, చివరి రోజుల సంగతులు రాసేముందు ఇంట్లోవాళ్లను అడగండి, ఎందుకంటే పోయిన మనిషి మీకొక్కరికే చెందినవారు కాదు. నేను మా పాటను ముందు అమ్మకు వినిపించాను. ఆసుపత్రి గురించి ఉన్న చరణం వద్దంది. తీసేశాను.